ఎనిమిదో ముడి

మూరెడు నారతాడు బరువెంత ఉంటుంది? జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు. అలాంటి తాడు ఒకదాన్ని ముప్ఫయ్యేళ్ళ పైబడి మోస్తున్నాను. ఇప్పుడైనా దింపకపోతే నాతోపాటే కాటికి వస్తుంది. మా ఆవిడకి చెప్పలేదు. పిల్లలకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పేరు రాయను, ఊరి పేరు కూడా రాయను. అరకు లోయకి ఎగువన, కొండల్లో అనుకోండి చాలు.

నేనక్కడ బడిపంతుల్ని. కింద మన్యంలో పితూరీ అణిగిన మరుసటి ఏడాది నన్ను అక్కడికి తోశారు. తోశారనే అనాలి. శృంగవరపుకోట నుంచి ఘాటీ ఎక్కి, అనంతగిరి దాటి, మరో రోజున్నర నడిస్తే వచ్చే ఊరు. పట్టుమని పన్నెండు గడపలు. పైన కొండల మీద ఇంకో అయిదారు గూడేలు. ఆ గూడేల పిల్లలందరికీ నా బడే. పోడు పనుంటే బడికి రారు. పోడు పనిలేకపోతే ఇప్పపూల కోసం, తేనె కోసం, అడ్డాకుల కోసం అడవికి పోతారు. అవీ లేని రోజు వానొస్తుంది.

ఇక ఆ ఊళ్ళో సుఖాల సంగతి. ఉప్పు డబ్బాలో వేస్తే మర్నాటికి నీరు. అగ్గిపెట్టె వానాకాలం నాలుగు నెలలూ అలంకారానికే. కిరసనాయిలు సంతలో దొరికితే దొరికినట్టు, లేకపోతే పొద్దుగూకగానే పడక. టపా వారానికొకసారి, అదీ దారిలోని గెడ్డ, అంటే కొండవాగు, పొంగకపోతే. గొంగడి ఆరదు. నల్లబల్లకి బూజు పట్టేది, తుడిచేవాణ్ణి, మళ్ళీ పట్టేది. జలగల గురించి చెప్పను, చెబితే ఇప్పటికీ కాలు దురద పెడుతుంది.

వీటన్నిటికీ ఓర్చుకునేవాణ్ణేమో. మజ్జిగ లేకపోవడానికి మాత్రం ఓర్చుకోలేకపోయాను. నవ్వకండి. ఊరి నిండా ఆవులే, చుక్క పాలుండవు. వాళ్ళు పాలు పితకరు. ఎందుకు పితకరని అడిగితే, దూడ పాలు మనమెలా తాగుతామని నన్నే ఎగాదిగా చూశారు. చిన్నప్పటి నుంచీ మజ్జిగన్నం లేకుండా చెయ్యి కడిగి ఎరగని వాణ్ణి. రోజూ రాగులతో కాచిన సోడి అంబలి తాగుతూ, దూడ నోటి నురగ చూస్తూ కూర్చునేవాణ్ణి. అలా రెండేళ్ళు.

పెళ్ళయి అప్పటికి మూడేళ్ళు. కొండజ్వరం భయానికి మా ఆవిడని విజయనగరం దగ్గర పుట్టింట్లోనే ఉంచాను. ఏడాదికి రెండుసార్లు చూసేవాణ్ణి. బదిలీ కోసం అర్జీ మీద అర్జీ పెట్టాను. జవాబు లేదు. ఒకసారి మాత్రం వచ్చింది, అర్జీలో మార్జిను సరిగా వదల్లేదని.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నాను? జాలి కోసమా? కావచ్చు. తప్పు చేసినవాడు ముందు తన కష్టాలు చెబుతాడు, బడిలో పిల్లలు కూడా అంతే. చూసీ చూడనట్టు పోకండి.

ఆ కొండల్లో ఏ కబురైనా తాడు మీదే నడుస్తుంది. పెళ్ళి గానీ, పంచాయితీ గానీ, పండుగ గానీ, ఎన్ని రోజులకైతే అన్ని ముడులు వేసి తాడు పంపుతారు. అందుకున్నవాళ్ళు తెల్లవారగానే ఒక ముడి విప్పుతారు. ఆఖరి ముడి విప్పిన రోజు బయల్దేరతారు. ఫలానా వారమని నోటితో చెప్పి పంపకూడదా అని మొదట్లో నేనూ అడిగాను. నోటిమాట దారిలో కల్లు తాగుతుంది, ముడి తాగదు అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, అది వాళ్ళ చట్టం. తాడు వచ్చాక ఇక ఎవర్నీ ఏమీ అడగరు.

పై గూడేలకి వచ్చిన తాడు విప్పే హక్కు దిసారిది. దిసారి అంటే రోజులు లెక్కగట్టేవాడు. విత్తనాలు చల్లే రోజు, కొత్త ధాన్యం నోట పెట్టే రోజు, పెళ్ళి రోజు, అన్నీ ఆయన చెప్పాల్సిందే. వేళ్ళూ మూలికలూ కూడా ఆయనే ఇస్తాడు. మా దిసారికి అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, ఎప్పుడూ ఒక పాత ఎర్ర శాలువ. అప్పట్లో నేను ‘వాడు’ అనేవాణ్ణి. ఇప్పుడు ‘ఆయన’ అని రాస్తున్నాను. పెద్ద మర్యాదే నాది!

ఆ ఏడు చలికాలంలో టపాలో ఒక ఉత్తరం వచ్చింది. మన్యంలో గొడవల తర్వాత సర్కారుకి కొండ మనుషుల మీద కాస్త దయ పుట్టింది. ఈ ప్రాంతంలో ఎక్కడో ఒకచోట ధర్మాసుపత్రి పాక వేస్తారు. జాగా చూడ్డానికి దొర స్వయంగా వస్తున్నాడు. జనం ఎక్కువగా కూడి, మాకు కావాలని అడిగి, పాకకి కర్రా కష్టమూ ఇస్తామన్నచోట ఆసుపత్రి. అందులో వేసిన తేదీ ప్రకారం, ఉత్తరం చేరిన రోజు నుంచి ఏడో రోజున దొర మా ఊరికి వస్తాడు. పై గూడేలకి కబురు పెట్టే బాధ్యత పంతులుది, అంటే నాది. చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కదా.

ఇంతవరకూ బాగానే ఉంది. కింద ఇంకో ముక్క ఉంది. ఆసుపత్రి ఇక్కడ ఖాయమైతే కాంపౌండరు దొరికేదాకా క్వినైను బిళ్ళలు పంచే పని కూడా పంతులే చూడాలి. అందుకని ఆ పంతుల్ని మరో మూడేళ్ళు కదపరు.

మూడేళ్ళు! గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అదీ. ఆ ఉత్తరం పట్టుకుని బడి అరుగు మీద కూలబడ్డాను. ఎవర్ని తిట్టాలో తెలియలేదు. సర్కారునా, దొరనా, కొండనా, నాకు చదువు చెప్పించిన మా నాన్ననా? ఆసుపత్రి వస్తే ఆ జనానికి ఎంత మేలో నాకు తెలియదా? వారం వారం జ్వరంతో పిల్లలు ఎలా వాడిపోతారో నా బడిలోనే చూశాను. తెలుసు. తెలిసే చేశాను.

బారికి, అంటే కబుర్లు మోసే మనిషి, అరుగు కింద నిలబడి ఉన్నాడు. అడ్డ నార తాడు పచ్చిది తెచ్చాడు. నేను ముడులు వెయ్యడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఏడు దాకా వేశాను. ఆగాను. తాడు ఇంకా జానెడు మిగిలింది. ఎనిమిదోది వేశాను.

చెయ్యి జారిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కంగారులో లెక్క తప్పిందని కూడా చెప్పుకున్నాను. చేతిలోంచి చెంబు జారుతుంది, మాట జారుతుంది. ముడి జారి పడదు. కొస పట్టుకుని, మెలిపెట్టి, దూర్చి, లాగి వెయ్యాలి. అంతసేపట్లో మనిషికి బుద్ధి రావచ్చు. నాకు రాలేదు.

బారికి తాడు నడుంలో దోపుకుని, చీకటి పడేలోగా పైకి చేరాలని వెళ్ళిపోయాడు. లెక్కపెట్టలేదు. పంతులు వేసిన ముడి లెక్కపెట్టడమేమిటి?

ఏడో రోజు దొర వచ్చాడు. ఆయన సామాన్లు మొయ్యడానికి మా ఊరి మగవాళ్ళందర్నీ ముందురోజే ఘాటీ కిందకి తోలుకుపోయారు, ఇంకా వెనకే వస్తున్నారు. ఊళ్ళో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, నా బడిపిల్లలు తొమ్మిదిమంది. దొర గుర్రం దిగి అటూ ఇటూ చూశాడు. జనం ఏరీ అని దుబాసీ చేత అడిగించాడు. కబురు పెట్టానండి, కొండవాళ్ళు, వీళ్ళకి రోజుల పట్టింపు ఉండదండి, అన్నాను. ఆ మాట నాకెంత సులువుగా వచ్చిందో! ఎవరికీ అక్కర్లేనిచోట ఆసుపత్రి ఎందుకని దొర మధ్యాహ్నం లోపే గుర్రమెక్కాడు. సామాన్లు ఊళ్ళోకి వచ్చీ రాకముందే మళ్ళీ బయల్దేరాయి. ఆసుపత్రి పాతిక మైళ్ళ అవతల ఇంకో ఊరికి పోయింది.

మర్నాడు పొద్దెక్కాక డప్పులు వినిపించాయి.

ఆ రాక నా కళ్ళముందు నుంచి పోదు. పై గూడేల జనమంతా వరసగా కొండ దిగుతున్నారు. ఆడా మగా, చంకన పిల్లలు. ఇంటికో కర్ర చొప్పున భుజాన పెట్టుకొచ్చారు, ఆసుపత్రి పాకకి. చెక్కు తీసి నున్నగా చేసిన కర్రలు. ఒకామె ఆకుదొన్నెలో తేనె తెచ్చింది దొరకివ్వడానికి. అందరికంటే ముందు దిసారి. ఎర్ర శాలువ ఉతుక్కున్నాడు.

దొర నిన్ననే వచ్చి వెళ్ళిపోయాడని చెప్పాను. డప్పులు ఆగాయి. కొంతసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరూ దిసారి వైపు తిరిగారు. ఒక కుర్రవాడు కిసుక్కున నవ్వాడు. కర్రలు కింద పడేసిన చప్పుడు వరసగా వినిపించింది.

దిసారి నా అరుగు దగ్గరికి వచ్చాడు. శాలువ కొంగులోంచి తాడు తీశాడు. ముడులన్నీ విప్పిన తాడు.

“మేస్టరుబాబూ, తవుఁరు ఎన్ని ముడ్లేసినారు?”

“ఏడు.”

“ఏడా? మరి ఇదేటి బాబూ? పచ్చి నారకి ముడేసి ఆరనిత్తే ఇప్పినా వొంకర పోదు. సూడండి. ఒకటి, రెండు...” అని వేలితో ఒక్కొక్క వంకరా తడుముతూ లెక్కపెట్టాడు. “ఎనిమిది వొంకర్లున్నాయి.”

ఉన్నాయి. ఎదురుగా, ఎండలో, ఎనిమిది. అప్పుడు ‘అవును, నాదే పొరపాటు’ అని ఉంటే? పొరపాటు అన్నా చాలు, నిజం కూడా చెప్పక్కర్లేదు. జనం కాస్త విసుక్కుని ఊరుకునేవాళ్ళు. పంతులు కూడా మనిషే అనుకునేవాళ్ళు. అక్కడే తప్పు సగం తీరిపోయేది. నేనేం చేశానంటే, లోపలికి వెళ్ళి ఉత్తరం తెచ్చాను.

“ఇదిగో సర్కారు కాగితం. తేదీ ఇందులో ఉంది. వచ్చిన రోజు నుంచి ఏడు. ఏడుంటే నేను ఎనిమిదెందుకు వేస్తాను? ఏ పొద్దునో తాగిన మత్తులో విప్పిన ముడి మళ్ళీ వేసి ఉంటావు. పక్కన ఇంకో వంకర పడి ఉంటుంది.”

ఆ కాగితంలో తేదీ నిజమే. నిజాన్ని తెచ్చి అబద్ధానికి అడ్డం పెట్టాను. దొంగతనం చెయ్యడం వేరు, చేసి ఇంకొకడి మూటలో పెట్టడం వేరు.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నేనూ అరిచేవాణ్ణి, ఆ గోలలో నా మాట నాకు వినిపించేది కాదు. ఆయన కాగితం వైపు చూశాడు. అది తలకిందులుగా ఉన్నా ఆయనకొకటే. తర్వాత తాడు వైపు చూశాడు. వేలితో మళ్ళీ తడిమాడు, ఈసారి గట్టిగా కాదు.

“నానే తప్పినానేటో బాబూ. పెద్దోణ్ణయిపోనాను. కాయితం అబద్దవాడదు గదా.”

అని జనం వైపు తిరిగి, వాళ్ళ భాషలో అదే మాట చెప్పాడు. అందరి ముందూ. తాడు అక్కడే అరుగు మీద పెట్టేసి, వచ్చిన దారినే కొండెక్కాడు. ఎవరూ ఆయన పక్కన నడవలేదు.

మీరు నన్నిప్పుడు తిట్టుకుంటున్నారు. తిట్టండి. కానీ అప్పటికి నాకేమనిపించిందో తెలుసా? విసుగు. ముసలివాడు తాడు జాగ్రత్త చెయ్యకుండా పారేసి ఉండకూడదా అని విసుగు. తప్పు చేసినవాడికి ఎదుటివాడి జాగ్రత్త మీద ఎంత కోపమొస్తుందో నాకప్పుడే తెలిసింది.

ఎండాకాలం చివర విత్తనాల పండుగ వచ్చింది. చల్లే రోజు చెప్పమని ఆయన్ని ఎవరూ అడగలేదు. పక్క కొండ దిసారిని పిలిపించారు. మా దిసారి పండుగకి వచ్చి, జనంలో వెనక, ఆడవాళ్ళ వెనక కూర్చున్నాడట. బారికి చెప్పాడు. చెబుతూ నవ్వాడు కూడా. లెక్క మర్చిపోయిన దిసారి అని పిల్లలు పాట కట్టారని చెప్పాడు. ఆ పిల్లలకి ఎక్కాలు చెబుతున్నవాణ్ణి నేనే.

ఆయన జీవనమంతా ఆ లెక్కే. ఆయనకి వేరే పొలం, పదవి ఏమున్నాయి? ఆ లెక్క మీద ఒక కొండ కొండంతా విత్తనం చల్లేది. దాన్ని నేను జానెడు నారతో తీసేశాను.

వానలు పట్టాయి. ఆసుపత్రి కోసం తెచ్చిన కర్రలు బడి పక్కనే కుప్పగా పడి ఉన్నాయి. ఎవరూ తిరిగి పట్టుకెళ్ళలేదు. నా గొంగడి ఆరకపోతే ఆ కర్రలే నరికి మంట వేసుకున్నాను. ఇంటికో కర్ర. బాగా కాలాయి. ఈ ముక్క రాయకుండా వదిలేద్దామనుకున్నాను, కానీ వదిలేస్తే ఇక ఈ రాయడమెందుకు?

శ్రావణంలో నాకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు, పళ్ళు టకటకలాడించి మంచం ఊపేసే కొండజ్వరం. క్వినైను ఎక్కడుంది? పాతిక మైళ్ళ అవతల, నేను తోలేసిన ఆసుపత్రిలో. గెడ్డలు పొంగి ఉన్నాయి. ఎవరు తెస్తారు? చేసుకున్నవాడికి చేసుకున్నంత అని పెద్దలు ఊరికే అన్నారా?

దిసారి వచ్చాడు. ఎవరు పిలిచారో తెలియదు, నేను పిలవలేదు. ఆ వానలో కొండ దిగి వచ్చి, బడి అరుగు మీదే మకాం పెట్టాడు. ఏవో వేళ్ళు కాచి కషాయం పోసేవాడు. కక్కుకుంటే తుడిచేవాడు. ఒకరోజు మెలకువ వచ్చి చూస్తే మట్టిముంతలో తెల్లగా ఏదో పట్టుకుని ఉన్నాడు. పాలు. దూడని పక్కకి లాగి, ఎప్పుడూ పితకని చేత్తో పితికి తెచ్చాడు. మేస్టరుబాబుకి ఇదంటే ఇష్టమని పిల్లలు చెప్పారట. ఆ ముంత చూడలేక గోడ వైపు తిరిగాను. జ్వరం వల్ల అనుకున్నాడు.

అది కూడా కాదు నేను చెప్పదలచింది. ఆ కషాయం తొమ్మిది రోజులు పొయ్యాలట. తక్కువైతే జ్వరం తిరగబెడుతుంది, ఎక్కువైతే మనిషి నీరసించి పోతాడు. అందుకని ఆయన రోజూ పొద్దున్నే నా మంచం పక్కన కూర్చుని, చెవి దగ్గర అడిగేవాడు.

“బాబూ, ఈయేళ ఎన్నో దినం?”

కొండ మొత్తానికి రోజులు చెప్పిన మనిషి. కళ్ళు తెరవలేక, ఒళ్ళు తెలియక, పగలేదో రేయేదో ఎరగక పడి ఉన్న నన్ను అడుగుతున్నాడు. మొదటిసారి ఎగతాళి అనుకున్నాను. ఆయన ముఖం చూస్తే తెలిసింది, కాదు. తన లెక్క మీద ఆయనకి నమ్మకం పోయింది. నా లెక్క మీద ఉంది.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. “నాలుగు,” అన్నాను. నాలుగో అయిదో నాకే తెలియదు. ఆయన తల ఊపి, నేలమీద నాలుగు గింజలు పెట్టుకున్నాడు. నా ప్రాణం పోసే మందుకి కూడా నా అబద్ధమే లెక్క.

ఎలాగో బతికాను. దసరా తర్వాత బదిలీ వచ్చింది. ఇన్ని అర్జీలకి కదలని కాగితం జ్వరం మాట వినగానే కదిలింది. అంటే ఆ ఎనిమిదో ముడి వెయ్యకపోయినా ఏ ఆరోగ్య కారణమో చూపిస్తే పంపేవాళ్ళేమో! ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. దిగివచ్చే రోజు దిసారి ఘాటీ మొదటి మలుపు దాకా వచ్చాడు. అక్కడైనా చెబుతానేమో అనుకున్నాను. ఆయన నా మూట మోస్తున్నాడు. మూట ఇటివ్వు అన్నాను. అంతే అన్నాను.

మా ఆవిడ ఆ రోజు మజ్జిగ పోసింది. కమ్మగా ఉందన్నాను.

ఆయన ఎప్పుడు పోయాడో తెలియదు. ఎవర్ని అడిగినా ఎందుకు అడుగుతున్నారంటారని అడగలేదు. తర్వాత ముప్ఫయ్యేళ్ళు మైదానాల బళ్ళలో లెక్కలే చెప్పాను. మంచి పంతులని పేరు. ఏ పిల్లవాడైనా లెక్క తప్పి తల దించుకుంటే, నువ్వే మళ్ళీ సరిచూడు అని పలక చేతికిచ్చేవాణ్ణి గానీ, తప్పని నోటితో అనేవాణ్ణి కాదు. పిల్లలు నాకు ఓపిక ఎక్కువనుకున్నారు. ఓపికా, నా మొహమా!

ఆ తాడు నా దగ్గరే ఉంది. ఆ రోజు అరుగు మీంచి ఎందుకు తీశానో తెలియదు. సాక్ష్యం దాచడానికే అయ్యుంటుంది. నార పెళుసెక్కింది. వంకర్లు మాత్రం పోలేదు, ఆయన చెప్పినట్టే. ఇప్పుడు దీన్ని పక్కన పెట్టుకునే రాస్తున్నాను. వేలితో తడిమి చూశాను.

మీరు క్షమించక్కర్లేదు. క్షమించడానికి ఆ నష్టం మీది కాదు, క్షమించాల్సినవాడు లేడు. ఉండి ఉంటే ఆయన క్షమించేసేవాడు, అదింకా కష్టం. కాయితం అబద్ధమాడదని ఆయన నమ్మాడు. నేను ఆయనకి చూపించిన కాగితం చేత ఆడించాను. అందుకని ఇంకో కాగితం రాస్తున్నాను, ఆయన చదవలేనిదే, ఆయనకి అందనిదే.

దిసారి తాగలేదు. మర్చిపోలేదు. రోజుకొకటి చొప్పున సరిగ్గానే విప్పాడు. ముడులు ఎనిమిది. వేసినవాణ్ణి నేను.